మాటలు లేని ప్రసంగము: అంబ్రోస్ గీతము నుండి బాక్ ఆర్గన్ వరకు

ఉపోద్ఘాతము

పౌలు కొరింథీ సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో వాద్యములను గూర్చిన ప్రశ్న ఒకటి ఉన్నది. ప్రాణము లేని వాద్యమైనా సరే, స్వరానికి స్వరానికి తేడా తెలిసేటట్లు పలకకపోతే ఏమి వాయిస్తున్నారో వినేవారికి ఎట్లా తెలుస్తుందని ఆయన అడుగుతాడు (14:7). భాషల వరమును గూర్చి బోధిస్తూ ఆయన తెచ్చిన ఉపమానమిది. అయినా సంఘ సంగీత చరిత్రను చదివేవారికి ఇంతకంటె సూటియైన ప్రశ్న దొరకదు. మాటలు లేని వాద్యము దేవుని వాక్యమును ప్రకటించగలదా? ప్రకటిస్తే, దాని అర్థము వినేవారికి ఎక్కడ నుండి వస్తుంది?

జర్మనీలోని లూథరన్ సంఘములు ఈ ప్రశ్నకు వాద్యముతోనే జవాబు చెప్పాయి. సంఘము పాడబోయే గీతపు బాణీని ఆర్గన్ వాద్యకారుడు ముందుగా తీసుకొని, విస్తరించి, అలంకరించి వాయించేవాడు. సంఘము పాడే గీతమును కోరల్ అనీ, దానికి ముందు ఆర్గన్ మీద వాయించే రచనను కోరల్ ప్రెల్యూడ్ అనీ అంటారు. ఈ వ్యాసములో ఒకే ఒక్క గీతమును తీసుకొని, అది 4వ శతాబ్దపు మిలాను నుండి 16వ శతాబ్దపు విట్టెన్‌బర్గునకు, అక్కడ నుండి 18వ శతాబ్దములో యోహాన్ సెబాస్టియన్ బాక్ చేతికి ఎట్లా చేరిందో పరిశీలిద్దాము. ఆర్గన్ చేసిన ప్రసంగము సంఘము జ్ఞాపకములో ఉన్న మాటల మీద నిలిచినదని, ఆ జ్ఞాపకము లేని చోట అదే సంగీతము మూగబోయినదని ఈ గీతపు చరిత్ర మనకు చూపుతుంది.

1. మిలాను: ప్రజల నోట పుట్టిన గీతము

అంబ్రోస్ క్రీ.శ. 374 నుండి 397 వరకు మిలాను నగర బిషప్పుగా ఉన్నాడు. 386లో బాల చక్రవర్తి రెండవ వాలెంటినియన్ తల్లి జస్టీనా, అరియస్ వాదుల పక్షము వహించి, నగరములోని ఒక దేవాలయమును వారికి అప్పగించుమని పట్టుబట్టింది. అంబ్రోస్ ఒప్పుకొనలేదు. విశ్వాసులు తమ బిషప్పుతో కూడ దేవాలయములోనే రాత్రులు కాపలా ఉన్నారు. ఆ దినములలో ప్రజలు దుఃఖముతో సొమ్మసిల్లకుండునట్లు, తూర్పు సంఘముల పద్ధతి ప్రకారము కీర్తనలు, స్తోత్రగీతములు పాడుట అక్కడ మొదలైనదని అగస్టీన్ తన 'కన్ఫెషన్స్' తొమ్మిదవ పుస్తకములో వ్రాశాడు. ఆయన తల్లి మోనికా ఆ కాపలాలో ఉన్నది. మరుసటి సంవత్సరము, 387 ఈస్టరు నాడు, అగస్టీన్ అంబ్రోస్ చేత బాప్తిస్మము పొందాడు.

అంబ్రోస్ వ్రాసిన గీతములలో క్రీస్తు జననమును గూర్చినది 'వేని రెడెంప్టోర్ జెంటియుమ్'. 'జనముల విమోచకుడా, రమ్ము' అని దాని అర్థము. క్రిస్మస్ దినమున అంబ్రోస్ తన సంఘము చేత దీనిని పాడించేవాడని 430లో, నెస్టోరియస్ వివాదము నడుస్తున్న కాలములో, రోమా బిషప్పు సెలెస్టిన్ సాక్ష్యమిచ్చాడు. సిద్ధాంత వివాదములో ఒక పాటను సాక్ష్యముగా తెచ్చారంటే ఆ పాటలో ఎంత సిద్ధాంతమున్నదో ఊహించవచ్చును. కన్యక గర్భమున జననము, తండ్రితో కుమారుని సమానత్వము, 19వ కీర్తనలో పెండ్లికుమారునివలె తన మందిరములో నుండి బయలుదేరి శూరునివలె పరుగెత్తు సూర్యుని పోలిక, తండ్రి యొద్ద నుండి వచ్చి పాతాళము వరకు దిగి మరల దేవుని సింహాసనమునకు చేరిన ప్రభువు ప్రయాణము, ఇవన్నీ అందులో ఉన్నాయి. పాదానికి ఎనిమిది అక్షరములు, చరణానికి నాలుగు పాదములు. చదువురానివారు కూడ రెండు మూడు సార్లు విని పట్టుకోగల కొలత అది. అరియస్ బోధకు జవాబును అంబ్రోస్ ఈ విధముగా సామాన్యుల నోట పెట్టాడు.

ఈ గీతమునకు మనకు తెలిసిన బాణీ 12వ శతాబ్దపు వ్రాతప్రతులలో కనిపిస్తుంది. ఒకే స్వరపంక్తిలో, వాద్యము తోడు లేకుండా పాడే మఠముల గానమది. అప్పటికి పశ్చిమ సంఘములో ఆరాధన గానము చాల వరకు గురువులకు, సన్యాసులకు, గాయక బృందములకు పరిమితమైనది. లాటిన్ భాష సామాన్యులకు అర్థము కాకుండ పోయినది. ప్రజల కొరకు పుట్టిన గీతము ప్రజల నోటి నుండి జారిపోయి గ్రంథములలో భద్రముగా మిగిలింది.

2. విట్టెన్‌బర్గు: పాత బాణీకి క్రొత్త నాలుక

1523లో మార్టిన్ లూథరు తన లాటిన్ ఆరాధన క్రమములో, ప్రజలు తమ భాషలో పాడుకొనుటకు గీతములు కావలెనని, వాటిని వ్రాయగల కవులు తక్కువగా ఉన్నారని వాపోయాడు. ఆ సంవత్సరాంతమున తన స్నేహితుడు స్పలాటిన్‌కు ఉత్తరము వ్రాసి, కీర్తనలను జర్మను పాటలుగా కట్టుమని కోరాడు. ఇతరుల కొరకు ఎదురు చూడక తానే పూనుకొని వ్రాసిన గీతములలో అంబ్రోస్ గీతమునకు జర్మను రూపమైన 'నున్ కొమ్, దేర్ హైడెన్ హైలాండ్' ఒకటి. 1524లో ఎర్ఫుర్టులో అచ్చయిన గీతముల పుస్తకములోను, అదే సంవత్సరము యోహాన్ వాల్టర్ బృందగానము కొరకు కూర్చిన పుస్తకములోను ఇది చేరింది. వాల్టర్ పుస్తకమునకు పీఠిక వ్రాస్తూ లూథరు, సువార్త వచ్చినది గనుక కళలన్నీ నశించవలెనని కొందరు అనుకొనుచున్నట్లు తాను అనుకొనుట లేదని, వాటిని ఇచ్చిన దేవుని సేవలోనే వాటిని చూడగోరుచున్నానని స్పష్టము చేశాడు.

ఇక్కడ లూథరు చేసిన పని గమనించదగినది. ఆయన మాటలను మాత్రమే మార్చి ఊరకుండలేదు. అలష్టెట్‌లో తోమస్ ముంట్‌సర్ అంతకు ముందే జర్మను ఆరాధన క్రమములను ప్రచురించాడు. అందులో మాటలు జర్మనువి, స్వరములు చాల వరకు లాటిన్ గానమువి. లూథరుకు ఈ పద్ధతి నచ్చలేదు. మాట, స్వరము, ఉచ్చారణ, నడక అన్నీ మాతృభాషలో నుండే రావలెనని, లేకపోతే అది కోతి అనుకరణ వంటిదని 1525లో ఆయన విమర్శించాడు. అందుకే పాత బాణీని విరిచి మరల కట్టారు. ఎనిమిది అక్షరముల లాటిన్ పాదము ఏడు అక్షరముల జర్మను పాదమైనది. మెల్లగా సాగే మఠముల గానము పాదము వెంట పాదము నడిచే పాటగా బిగిసింది. నాలుగవ పాదమునకు మొదటి పాదపు స్వరములనే మరల పెట్టారు. దీనివలన పాట ఎక్కడ మొదలైనదో అక్కడికే చేరుతుంది, బిడ్డకు కూడ త్వరగా వస్తుంది.

ఆ మొదటి పాదము ఎట్లా మొదలవుతుందో మన స్వరములలో చెప్పవచ్చును. షడ్జము రెండు సార్లు, వెంటనే దాని క్రింది నిషాదము, అక్కడ నుండి ఒక్కసారిగా పైనున్న గాంధారము: స, స, ని, గ. ఈ నాలుగు స్వరములు వినగానే జర్మను లూథరన్ ఇంటిలో పెరిగినవానికి ఆగమన కాలపు మొదటి ఆదివారము జ్ఞాపకము వచ్చేది. ఆ ఆదివారమునకు ఇదే ముఖ్యగీతముగా స్థిరపడింది. ఇదే పాత లాటిన్ బాణీ నుండి లూథరు కాలములోనే మరి రెండు కోరల్‌లు రూపొందాయి. ఒకటి సమాధానము కొరకైన ప్రార్థన, మరియొకటి వాక్యమునందు మమ్మును నిలుపుమన్న ప్రార్థన. ఒకే వేరు నుండి మూడు కొమ్మలు వచ్చాయన్నమాట.

3. ఆర్గన్: త్రోసివేసినవారు, నిలుపుకొన్నవారు

సంస్కర్తలందరు ఆర్గన్ విషయములో ఏకాభిప్రాయముతో లేరు. జూరిచ్‌లో జ్వింగ్లీ స్వయముగా మంచి సంగీతజ్ఞుడు, అనేక వాద్యములు వాయించగలవాడు. అయినా ఆరాధనలో వాక్యమునకు ఏదియు అడ్డు రాకూడదని ఆయన తలంపు. 1527లో జూరిచ్ గ్రోస్‌మున్‌స్టర్ దేవాలయపు ఆర్గన్‌ను విరుగగొట్టి తీసివేశారు. ఆయన భయమును తేలికగా కొట్టివేయకూడదు. పాటలోని సంగతి కంటె పాడే స్వరమే తనను ఎక్కువ కదిలించినప్పుడు తాను పాపము చేసినట్లు భావిస్తున్నానని అగస్టీన్ కూడ తన గ్రంథము పదియవ పుస్తకములో ఒప్పుకొన్నాడు.

లూథరన్ సంఘములు మాత్రము ఆర్గన్‌ను నిలుపుకొని దానికి క్రొత్త పని అప్పగించాయి. ప్రారంభ దశలో సంఘము పాడుచుండగా ఆర్గన్ తోడు వాయించేది కాదు. ఒక చరణము సంఘము పాడితే, తరువాతి చరణమును మాటలు లేకుండా ఆర్గన్ వాయించేది, మరల సంఘము అందుకొనేది. అంతకు ముందు లాటిన్ ఆరాధనలో ఉన్న వంతుల పద్ధతే ఇది. సంఘ గానమునకు ఆర్గన్ తోడు వాయించుట 17వ శతాబ్దములో క్రమముగా వ్యాపించింది. ఈ వంతులలో ఒక సంగతి దాగియున్నది. ఆర్గన్ వాయించే చరణములో మాటలు వినబడవు. కాని ఆ చరణపు మాటలు కూర్చున్నవారి మనస్సులో నడుస్తూ ఉండాలి. లేకపోతే ఒక చరణము విడిచిపెట్టినట్లే.

హాలే నగరపు సామ్యుయేల్ షైడ్ట్ 1624లో ప్రచురించిన 'తబులతూరా నోవా' మూడవ భాగములో అంబ్రోస్ గీతము మీద ఆర్గన్ రచనలు ఉన్నాయి. చరణమునకు ఒక రీతిగా బాణీ ఒకసారి పై స్వరములో, ఒకసారి నడిమి స్వరములో, ఒకసారి క్రింది స్వరములో కదులుతుంది. 1668 నుండి 1707 వరకు ల్యూబెక్ నగరములోని మరియ దేవాలయములో ఆర్గన్ వాద్యకారుడైన డీట్రిక్ బుక్స్‌టెహూడే ఇదే బాణీని మరియొక విధముగా, పై స్వరములో గమకములతో అలంకరించి, మనిషి గొంతు పాడినట్లు వాయించాడు. పల్లవి ఒకటే ఉండగా సంగతి మీద సంగతి వేసి దాని లోపలి భావమును బయటికి తీయుట మన కీర్తన సంప్రదాయములో ఎరిగినదే. దానితో ఇది అన్ని విధముల సరిపోలదు గాని, వినేవానికి మూలము తెలిసియుండవలెనన్న నియమము రెండింటికి ఒక్కటే.

4. బాక్: కలవరపడిన సంఘము, కట్టబడిన సంఘము

1705 శరత్కాలములో ఆర్న్‌ష్టాట్ పట్టణపు ఇరువది ఏండ్ల ఆర్గన్ వాద్యకారుడు బాక్, నాలుగు వారముల సెలవు అడిగి, బుక్స్‌టెహూడే వాద్యము వినుటకు దాదాపు 400 కిలోమీటర్లు నడిచి ల్యూబెక్ వెళ్లాడు. నాలుగు వారములు నాలుగు నెలలైనవి. తిరిగి వచ్చిన తరువాత, 1706 ఫిబ్రవరి 21న, సంఘాధికారులు ఆయనను పిలిపించి విచారించారు. సెలవు మీరుట ఒక నేరము. రెండవది మనకు ముఖ్యము. కోరల్‌లో వింత మార్పులు, దానికి చెందని స్వరములు కలుపుచున్నందున సంఘము కలవరపడుచున్నదని వారు ఫిర్యాదు చేశారు. ప్రెల్యూడ్ చాల పొడవుగా వాయిస్తున్నాడని చెబితే, మరీ పొట్టిగా వాయించుట మొదలుపెట్టాడని కూడ ఆ విచారణలో తేలింది.

సంగీత చరిత్రకారులు ఈ ఘట్టమును చెప్పి ఆ అధికారులను చూసి నవ్వుతారు. కాపరి దృష్టితో చూస్తే వారి ఫిర్యాదులో న్యాయమున్నది. పాట సంఘముది. దాని బాణీ గుర్తు దొరకకపోతే సంఘము పాడలేదు, మాటలు మనస్సులోనికి రావు. పౌలు అడిగిన ప్రశ్ననే వారు తమ మాటలలో అడిగారు. బాక్ తరువాతి జీవితమంతా దానికి జవాబుగా చదువుకోవచ్చును.

1708 నుండి 1717 వరకు వైమార్‌లో ఉన్నప్పుడు ఆయన 'ఓర్గెల్‌బ్యూష్‌లైన్', అనగా ఆర్గన్ చిన్న పుస్తకము, వ్రాయ మొదలుపెట్టాడు. సంఘ సంవత్సర క్రమములో 164 కోరల్‌ల పేర్లు ముందుగానే పుటల మీద వ్రాసుకొన్నాడు. పూర్తియైన రచనలు 46 మాత్రమే. వందకు పైగా పేర్ల క్రింద పుటలు ఖాళీగా ఉండిపోయాయి. సర్వోన్నతుడైన దేవుని ఘనతకు, పొరుగువాడు నేర్చుకొనుటకు ఈ పుస్తకమని ముఖపుటలో పేర్కొన్నాడు. ఆ పుస్తకములో మొదటి రచన మన గీతమే. దాని నిడివి పది కొలతలు మాత్రమే. ఇందులో బాణీ ఎక్కడా దాగలేదు, పై స్వరములో తేటగా వినబడుతుంది. దాని క్రింది స్వరములు మెట్టు వెంట మెట్టు దిగివస్తూ ఉంటాయి. దేవుని కుమారుడు దిగివచ్చుటకు ఇది సూచన అని చాలమంది వ్యాఖ్యాతలు అంటారు. ప్రతి స్వరములో సంకేతము వెదకుట మంచిది కాదు గాని, ఆ గీతపు మాటలు ఎరిగినవానికి ఈ భావము బలవంతముగా తెచ్చిపెట్టినదిగా తోచదు.

1714 డిసెంబరు 2న, ఆగమన కాలపు మొదటి ఆదివారమున, బాక్ ఈ కోరల్‌నే తీసుకొని వైమార్‌లో ఒక కాంటాటా వినిపించాడు. దాని ఆరంభ బృందగానమును ఫ్రెంచి ఓవర్చరు రీతిలో కట్టాడు. ఫ్రాన్సు రాజసభలో రాజు వచ్చేటప్పుడు వాయించే రీతి అది. వచ్చుచున్నవాడు రాజు అని ఆ రీతి తెలిసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1724 డిసెంబరు 3న, లూథరు గీతము అచ్చయి సరిగా రెండు వందల ఏండ్లైనప్పుడు, లైప్‌జిగ్‌లో దీనిమీదనే మరియొక కాంటాటా వినిపించాడు.

తన చివరి దశాబ్దములో, వైమార్ కాలపు ఆర్గన్ రచనలను సవరించి తిరిగి వ్రాసుకొన్న పెద్ద సంపుటిలో ఈ ఒక్క కోరల్ మీద మూడు రచనలు వరుసగా ఉన్నాయి. బాక్ రచనల పట్టికలో వాటి సంఖ్యలు 659, 660, 661. మొదటి దానిలో క్రింది స్వరము ఆగకుండా నడుస్తూ ఉండగా, పైన బాణీ తన మొదటి కొన్ని స్వరములు సూటిగా పలికి, తరువాత దీర్ఘమైన అలంకారములలోనికి వెళ్లిపోతుంది. పాత బాణీలోని కైశికి నిషాదము బాక్ చేతిలో అర స్వరము పెరిగి కాకలి నిషాదమైనది. అందువలన అక్కడ నుండి గాంధారమునకు పోయే ఎగురు ఇరుకై, నిట్టూర్పువలె వినబడుతుంది. రెండవ రచనలో రెండు క్రింది స్వరములు ఒకదానినొకటి తరుముకొనుచుండగా వాటికి పైన కోరల్ వినబడుతుంది. మూడవ దానిలో ఆర్గన్ పూర్తి స్వరముతో మ్రోగుతుంది. బాణీ పాదములతో వాయించే పెడల్‌లో దీర్ఘ స్వరములుగా, పునాది రాళ్లవలె దిగుతుంది. ఎదురుచూపు, దిగివచ్చుట, మహిమ అని ఈ మూడింటిని వరుసగా ధ్యానించవచ్చును.

ఆర్న్‌ష్టాట్‌లో సంఘమును కలవరపెట్టిన స్వేచ్ఛకు, ఈ స్వేచ్ఛకు తేడా ఏమిటి? అలంకారము ఇక్కడ తక్కువేమీ లేదు, ఇంకా ఎక్కువే. కాని ప్రతి పాదము ప్రారంభములో బాణీ తనను తాను తెలియజేసుకొంటుంది. లోపలి స్వరములు ఆ పాదమును ముందే వినిపించి దారి వేస్తాయి. వాద్యకారుడు సంఘము చేయి విడువకుండా దూరము తీసుకొని వెళ్తాడు.

5. పారిస్: మూగబోయిన సంగీతము

ఆ చేయి లేని చోట ఏమి జరుగుతుందో 1899లో పారిస్‌లో జరిగిన సంభాషణ చెబుతుంది. సెయింట్ సుల్పీస్ దేవాలయపు ఆర్గన్ వాద్యకారుడు షార్ల్ మరీ విడోర్ ఐరోపాలో పేరెన్నికగన్న విద్వాంసుడు. బాక్ ఆర్గన్ రచనలను జీవితమంతా వాయించినవాడు. ఆయన తన విద్యార్థియైన ఆల్బర్ట్ ష్వైట్జర్‌తో, బాక్ కోరల్ ప్రెల్యూడ్‌లలో అనేక విషయములు తనకు అంతుచిక్కుట లేదని చెప్పుకొన్నాడు. భావము ఒకచోట అకస్మాత్తుగా ఎందుకు మారుతుందో, స్వరములు ఎందుకు విరుగుతాయో ఆయనకు తెలియలేదు.

ష్వైట్జర్ ఆల్సేస్ ప్రాంతపు లూథరన్ కాపరి కుమారుడు. ఆ కోరల్‌ల మాటలు ఆయనకు చిన్ననాటి నుండి కంఠస్థము. మాటలు తెలియకపోతే ఈ రచనలు బోధపడవని చెప్పి, ఆ గీతముల భావమును అక్కడికక్కడే ఫ్రెంచి భాషలో వివరించాడు. చిక్కుముడులు విడిపోయాయి. విడోర్ ప్రోత్సాహముతోనే ష్వైట్జర్ 1905లో బాక్‌ను గూర్చిన తన ప్రసిద్ధ గ్రంథమును ఫ్రెంచిలో ప్రచురించాడు. ఆఫ్రికాలోని లాంబరేనే వైద్యునిగా, చారిత్రక యేసును గూర్చిన పరిశోధకునిగా మాత్రమే ఆయనను ఎరిగిన వేదాంత విద్యార్థులు ఈ ఘట్టమును కూడ ఎరుగవలెను. పండితుడైన గురువుకు దొరకని అర్థము విద్యార్థికి దొరకుటకు కారణము ప్రతిభ ఒక్కటే కాదు. అతని సంఘము అతనికి చిన్నప్పుడే ఆ పాటలు నేర్పింది.

6. మన సంఘములకు ఇందులో ఏమున్నది?

ఈ చరిత్రతో తెలుగువారికి సంబంధము బొత్తిగా లేకపోలేదు. షైడ్ట్ ఉన్న హాలే నగరములోనే 1746లో, మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగులోనికి తెచ్చిన లూథరు చిన్న ప్రశ్నోత్తరి అచ్చయింది. తెలుగు అచ్చు పుస్తకములలో అది మొదటి తరమునకు చెందినది. అదే సంవత్సరము బాక్ పెద్ద కుమారుడు విల్హెల్మ్ ఫ్రీడెమన్ ఆ నగరపు ప్రధాన దేవాలయములో ఆర్గన్ వాద్యకారునిగా చేరాడు. తరువాత 1842లో గుంటూరునకు హయ్యర్, 19వ శతాబ్దము ద్వితీయార్ధములో దక్షిణాంధ్రకు హెర్మన్స్‌బర్గు మిషనువారు లూథరన్ ఆరాధనను తెచ్చారు. మరియొక ప్రక్క పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి కవులు మన రాగములలో, మన తాళములలో క్రైస్తవ కీర్తనలు కట్టారు. మాట, స్వరము, నడక మాతృభాషలో నుండి రావలెనని లూథరు కోరినది మన నేల మీద ఈ కీర్తనకారుల చేతిలో నెరవేరింది.

అయితే మన సంఘములలో నేడు ఒక అలవాటు కనబడుతున్నది. ఎనిమిది చరణముల కీర్తనలో పల్లవి, ఒకటి రెండు చరణములు పాడి ఆపివేస్తున్నాము. సమయము చాలదంటున్నాము. అంబ్రోస్ గీతములో పాతాళము వరకు దిగి సింహాసనమునకు చేరిన క్రీస్తును గూర్చిన సంగతి మొదటి రెండు చరణములలో లేదు. అక్కడ ఆపివేసే సంఘమునకు దిగివచ్చే స్వరములు ఎంత చక్కగా వాయించినా అవి వట్టి స్వరములే. అట్లే కీబోర్డు వాయించే యౌవనస్థులను నిందించుట సులభము గాని, వారికి కీర్తనలోని మాటలను ఎవరు నేర్పారు? చరణము అర్థము తెలియని చేతులు తాళము వేగమునే వెదకుతాయి.

కాబట్టి బాధ్యత రెండు వైపుల ఉన్నది. వాద్యకారుడు ఎంత అలంకరించినా సంఘము తన పాటను గుర్తుపట్టగలగాలి. ఆర్న్‌ష్టాట్ పెద్దల ఫిర్యాదు ఇప్పటికీ చెల్లుతుంది. సంఘమైతే తన పాటను చివరి చరణము వరకు ఎరిగియుండాలి. ఆగమన కాలములో ఒక్కొక్క వారము ఒక పాత కీర్తనను తీసుకొని, దాని చరణములన్నింటిని వాక్యముతో కలిపి బోధించుట కాపరికి కష్టమైన పని కాదు. సండేస్కూలులో ఒక సంవత్సరమునకు పండ్రెండు కీర్తనలు కంఠస్థము చేయించినా, పది సంవత్సరములలో ఆ పిల్లల చేతిలో ఒక కీర్తనల పుస్తకము ఉన్నట్లే.

ముగింపు

అంబ్రోస్ గీతము నేటికీ పాడబడుచున్నది. 1993 నుండి వాడుకలోనికి వచ్చిన జర్మను ఎవాంజెలికల్ గీతముల పుస్తకములో లూథరు రూపము 4వ గీతముగా ఉన్నది. లాటిన్ రూపము రోమన్ కథోలిక సంఘపు ఆగమన కాల ప్రార్థనలలో ఉన్నది. మిలానులో కాపలా ఉండిన సంఘము దగ్గర నుండి లెక్కిస్తే పదహారు వందల సంవత్సరములు దాటినవి. ఈ మధ్యలో భాష మారింది, అక్షరముల కొలత మారింది, నిషాదము కూడ అర స్వరము మారింది. మారకుండ నిలిచినది ఆ గీతము ఒప్పుకొనే ప్రభువును గూర్చిన సాక్ష్యము. దానిని ఒక తరము తన పిల్లలకు నేర్పింది గనుక తరువాతి తరము దానిమీద క్రొత్తది కట్టగలిగింది. బాక్ పుస్తకములో పేర్లు మాత్రమే మిగిలిన ఖాళీ పుటలను నిండిన 46 రచనలతో పాటు చూడవలెను. ఆయన వాయించకుండ విడిచిన ఆ కోరల్‌లను సంఘము పాడుతూనే ఉన్నది. మన కీర్తనల పుస్తకములో పేరు మాత్రమే మిగిలి, పాడేవారు లేక ఖాళీ అవుచున్న పుటలు ఎన్ని ఉన్నవో మన సంఘములు లెక్క చూసుకొనవలెను.